అక్కకూ చెల్లికీ వేరే మాట లేని భాష

ఈసారి మన గోడపత్రికలో పాఠం ఒక విచిత్రమైన భాష గురించి. ఈ భాష మాట్లాడే ఊరు ఎక్కడా లేదు. అమ్మ ఒళ్ళో కూచుని దీన్ని నేర్చుకున్న బిడ్డ ఒక్కరూ లేరు. ఐనా దీనికో పదాల పట్టిక ఉంది, ఆ పట్టికను ముందేసుకుని మాట్లాడాలని చూసేవాళ్ళూ ఉన్నారు. దాని పేరు డ్రౌ. కథల్లోని చీకటి ఎల్ఫులు మాట్లాడే భాష.

తెలుగు చదువుకునే మనకు దీంతో ఏం పని అని అడగొచ్చు. పని ఉంది. రోజూ మాట్లాడే భాషలో మనకు కనపడనివి, పరాయి భాష పక్కన పెట్టి చూస్తే కనపడతాయి. ఆ పరాయి భాష ఒక మనిషి కూచుని కల్పించిందైతే ఇంకా మంచిది. ఏ మాట పెట్టాడు, ఏ మాట మరిచిపోయాడు అని లెక్క చూసుకోవచ్చు.

డ్రౌలు ఎవరు?

ఎల్ఫులు ఉత్తర ఐరోపా జానపద కథల్లోని మనుషుల్లాంటి ప్రాణులు. మన కథల్లో యక్షులు, గంధర్వులు ఉన్నట్టు అక్కడ వాళ్ళు. 13వ శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో స్నోరి స్టుర్లుసన్ రాసిన ఎడ్డా గ్రంథంలోనే వెలుగు ఎల్ఫులు, చీకటి ఎల్ఫులు అనే రెండు తెగల పేర్లు కనిపిస్తాయి. 'డ్రౌ' అనేది స్కాట్లండ్ వైపు మాండలికాల్లోని పాత మాట.

ఆ మాటను కొత్త కథలోకి తెచ్చినవాడు గ్యారీ గైగాక్స్. ఆయన, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటను తయారుచేశారు. నలుగురు బల్ల చుట్టూ కూచుని, తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపించుకునే ఆట అది. 1978లో వచ్చిన ఆట పుస్తకాల్లో డ్రౌలు పూర్తిగా ప్రవేశించారు. భూమి అడుగున గుహల్లో నగరాలు కట్టుకుని బతికేవాళ్ళు, సాలీడు రూపంలో ఉండే లోల్త్ అనే దేవతను కొలిచేవాళ్ళు. వాళ్ళలో పెత్తనమంతా ఆడవాళ్ళది.

1990లో ఆర్.ఎ. సాల్వటోర్ రాసిన 'హోమ్‌ల్యాండ్' నవల మెంజోబెరాంజన్ అనే డ్రౌ నగరంలో జరుగుతుంది. మరుసటి ఏడు, 1991లో, ఎడ్ గ్రీన్‌వుడ్ డ్రౌల మీద ఒక ఆట పుస్తకం రాసి, అందులో వాళ్ళ మాటల పట్టిక ఇచ్చాడు. ఈ వరస గుర్తు పెట్టుకోండి: ముందు ఆట, తరవాత నవల, ఆ తరవాత మాటలు. మనుషులూ ఊళ్ళూ తయారయ్యాక వాళ్ళకు భాష వచ్చింది.

పట్టికలోంచి కొన్ని మాటలు

ఇల్హార్ – తల్లి
ఇల్హారెస్ – ఇంటి పెత్తనం చేసే పెద్దామె
ఇల్హార్న్ – ఆ ఇంటి మగ పెద్ద
జలిల్ – ఆడది. జలుక్ – మగవాడు
దల్హారిల్ – కూతురు. దల్హారుక్ – కొడుకు
దల్నినిల్ – తోబుట్టువు (ఆడ). దల్నినుక్ – తోబుట్టువు (మగ)
ఉదోస్ – మనం, మేము
అబ్బిల్ – నమ్మదగిన స్నేహితుడు, తోటివాడు
రివ్విల్ – మనిషి (డ్రౌ కాని మానవుడు)
ఇబ్లిత్ – పెంట. డ్రౌ కానివాళ్ళను తిట్టడానికీ ఇదే మాట
జివ్విన్ – ఆట, వినోదం; ఇంకొకరిని ఏడిపించి నవ్వుకునే రకం
సిన్‌స్రిగ్ – ప్రేమ, మోహం, అత్యాశ
ఓలత్ – చీకటి. సుస్సున్ – వెలుగు
వెల్‌డ్రిన్ – నీడలు, వెలుగునీడల చాటు
వెల్కిన్ – కంటపడనిది
ఆర్బ్ – సాలీడు

ఈ ఇరవై మాటలు చదివితేనే ఆ సమాజం ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. చాటుగా ఉండటానికీ, కంటపడకపోవడానికీ విడివిడిగా మాటలున్నాయి, అంటే పొంచి ఉండటం వాళ్ళకు రోజువారీ పని. పరాయివాళ్ళను పిలిచే మాట తిట్టే. ఆట అన్న మాటలో క్రూరత్వం కలిసి ఉంది. ఈ పట్టిక రాసినవాడు కథను బాగా అర్థం చేసుకుని రాశాడని ఒప్పుకోవాలి.

ఇల్, ఉక్

ఇప్పుడు మన క్లాసులో పదాలు విడగొట్టినట్టు వీటినీ విడగొడదాం. జలిల్–జలుక్, దల్హారిల్–దల్హారుక్, దల్నినిల్–దల్నినుక్. మొదటి భాగం మారలేదు. చివర 'ఇల్' వస్తే ఆడ, 'ఉక్' వస్తే మగ. ఇవి లింగాన్ని చెప్పే ప్రత్యయాలు. మన స్నేహితుడు–స్నేహితురాలు లాంటివే. ఐతే 'ఇల్' కనపడగానే ఆడ అనుకోకూడదు. అబ్బిల్, రివ్విల్ చివర కూడా 'ఇల్' ఉంది, వాటికీ లింగానికీ సంబంధం లేదు. తెలుగులో 'పాలు'లో 'లు' ఉంది కాబట్టి 'పా' అనే ఏకవచనం ఉంటుందనుకుంటే ఎంత తప్పో ఇదీ అంతే.

ఇందులో నాకు బాగా నచ్చింది ఇల్హార్, ఇల్హార్న్ జంట. తల్లి అనే మాట మూలం. దానికి చివర 'న్' చేరిస్తే ఇంటి మగ పెద్ద. మనకు తెలిసిన చాలా భాషల్లో మగమాట ముందు, దాన్నుంచి ఆడమాట పుడుతుంది. అధ్యక్షుడు ఉన్నాక అధ్యక్షురాలు. ఇంగ్లీషులో ప్రిన్స్ ఉన్నాక ప్రిన్సెస్. ఇక్కడ తిరగబడింది. ఆడమాట నేల, మగమాట దాని మీద మొలిచింది. ఆడవాళ్ళ పెత్తనం ఉన్న సమాజమని పేరాలు పేరాలు చెప్పక్కర్లేకుండా ఒక్క అక్షరంతో చెప్పినట్టయింది.

కానీ 'ఇల్హారెస్' చూడండి. చివర 'ఎస్' ఎక్కడిది? ప్రిన్సెస్, హోస్టెస్ అనే ఇంగ్లీషు మాటల్లో ఆడవాళ్ళను చెప్పే 'ఎస్' లాగే ఉంది. ఆడవాళ్ళు ఏలే నగరంలో అందరికన్నా పై స్థానానికి పేరు పెట్టేటప్పుడు, ఇంగ్లీషులో మగమాటకు తోకగా తగిలించే ముక్కే వచ్చి కూచుంది. కావాలని చేశాడో, నోటికి అలవాటై వచ్చిందో కానీ, వినగానే ఇది ఆడపేరని ఇంగ్లీషు పాఠకుడికి తెలిసిపోతుంది. భాష కల్పించేవాడు ఎంత దూరం పోయినా సొంత భాష వెంటే వస్తుంది.

మన వైపు చూస్తే

వాళ్ళ ప్రత్యయాలు చూశాం కాబట్టి మనవీ చూద్దాం. మన క్లాసులో చాలామందిమి బయట తమిళం, ఇంట్లో తెలుగు. తమిళంలో అవన్ వందాన్, అవళ్ వందాళ్, అదు వందదు. మగవాడికొక క్రియ, ఆడమనిషికొక క్రియ, మిగతా వాటికొక క్రియ. తెలుగులో? అతడు వచ్చాడు. ఆమె వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది.

మన వ్యాకరణంలో దీనికి మహత్తు, అమహత్తు అని పేర్లు. మద్రాసులో తెలుగు పండితుడుగా ఉన్న పరవస్తు చిన్నయసూరి తన బాలవ్యాకరణంలో మహత్తు అంటే ఏమిటో చెప్పడానికి ఏవి కావో చెప్పాడు: ఆడవాళ్ళు, జంతువులు, ప్రాణం లేనివి కానివి మహత్తులు. ఆ పాఠం రోజు క్లాసులో ఎవరూ ఏమీ అనలేదు గానీ, వెనక బెంచీల్లో ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇక్కడ రెండు సంగతులు చెప్పుకోవాలి. మొదటిది, సూరి దీన్ని కల్పించలేదు, ఉన్న భాషను ఉన్నట్టు చెప్పాడు. రెండోది, బహువచనం రాగానే లెక్క మారుతుంది. అబ్బాయిలు వచ్చారు, అమ్మాయిలు వచ్చారు. ఆవులు మాత్రం వచ్చాయి. అంటే ఒంటరిగా ఉన్నప్పుడు 'వచ్చింది'లో ఉన్న అమ్మాయి, నలుగురితో కలిస్తే 'వచ్చారు'లోకి వస్తుంది. గౌరవంగా చెప్పినప్పుడూ అంతే: మేడమ్ వచ్చారు.

దీన్నిబట్టి తమిళం ఆడవాళ్ళను గౌరవించే భాష, తెలుగు గౌరవించని భాష అని తేల్చేస్తే తప్పు. అమ్మ వచ్చింది అంటున్నప్పుడు మనకెవరికీ ఆవు గుర్తు రాదు. వ్యాకరణం సమాజానికి అద్దం కాదు. ఎప్పటిదో పాత అలవాటు అందులో గడ్డకట్టి ఉండొచ్చు, ఇప్పటి మనిషికి దాంతో సంబంధం లేకపోవచ్చు. ఐతే ఆ అలవాటు ఉందని తెలుసుకోవడం మాత్రం భాష చదివేవాళ్ళ పని. డ్రౌల 'ఇల్'ను చూడకపోతే నేను మన 'వచ్చింది' దగ్గర ఆగి ఆలోచించేదాన్ని కాదు.

పట్టిక మరిచిపోయిన మాటలు

ఇప్పుడు ముఖ్యమైన సంగతి. పట్టికలో దల్నినిల్ అని ఉంది. అంటే ఇంగ్లీషులో 'సిస్టర్'. పెద్దదా, చిన్నదా? చెప్పదు. దల్నినుక్ కూడా అంతే. అన్నా, తమ్ముడా? తెలియదు.

ఇది చిన్న లోపం అనుకుంటే, ఒకసారి 'హోమ్‌ల్యాండ్' కథ చూడండి. డో'ఉర్డెన్ అనే ఇంటికి పెద్ద మ్యాలిస్. ఆమెకు బ్రైజా, వియర్నా, మాయా అని ముగ్గురు కూతుళ్ళు. పెద్ద కూతురన్న స్థానానికి ఆ ఇంట్లో ఎంతో బలం. కొడుకులు నాల్ఫీన్, డైనిన్. ఇంటికి మూడో కొడుకు పుడితే దేవతకు బలివ్వాలని వాళ్ళ ఆచారం. మూడో కొడుకుగా డ్రిజ్ట్ పుట్టిన రాత్రే, ఇంకో ఇంటి మీద జరిగిన యుద్ధం మాటున డైనిన్ తన అన్న నాల్ఫీన్‌ను చంపేస్తాడు. దాంతో బతికున్న కొడుకులు ఇద్దరే అయ్యారు. డ్రిజ్ట్ మూడోవాడు కాకుండా పోయి ప్రాణం దక్కించుకుంటాడు. ఆ పిల్లాడే తరవాత ఎన్నో నవలలకు నాయకుడు.

అంటే ఆ ఇంట్లో ఎవరు ముందు పుట్టారు, ఎవరు తరవాత పుట్టారు అన్నది చావుబతుకుల లెక్క. నవలలో సాల్వటోర్‌కు ఈ అవసరం వచ్చింది కూడా. అందుకే పెద్దబ్బాయి, రెండో అబ్బాయి అనే అర్థంలో ఇంగ్లీషు మాటలు అతికించి బిరుదుల్లా వాడాడు. అంత అవసరమున్న జాతి సొంత భాషలో అక్కకూ చెల్లికీ ఒకటే మాట! ఎందుకంటే పట్టిక ఇంగ్లీషులో ఆలోచించి రాసింది. ఇంగ్లీషులో లేని గీత అక్కడా పడలేదు.

ఇదే పని మన ఊళ్ళో ఏ అవ్వకైనా అప్పగించి ఉంటే, మొట్టమొదట రాసేవి అవే. అక్క, చెల్లి, అన్న, తమ్ముడు. అంతటితో ఆగదు. పెద్దక్క, నడిపక్క, చిన్నక్క. పెద్దోడు, నడిపోడు, చిన్నోడు. ఇంట్లో మనమెవరం 'మా సోదరి' అనం. ఆ మాట పుస్తకాల్లోది. పెద్దదో చిన్నదో తెలియకుండా ఒక మనిషిని పిలవడానికే మనకు నోరు రాదు. కొత్తగా హాస్టల్‌కు వచ్చినవాళ్ళను మొదట అడిగే ప్రశ్న 'మీరు ఏ ఇయర్?' కదా. అక్క అనాలో, పేరు పెట్టి పిలవాలో తేలాలి మరి.

ఇంకొకటి, ఉదోస్. ఇంగ్లీషు 'వి'కి సమానం. తెలుగులో మనం, మేము రెండూ ఉన్నాయి. తమిళంలో నామ్, నాంగళ్. ఎదుటివాళ్ళను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. 'మేము సినిమాకి పోతున్నాం' అంటే నువ్వు రావక్కర్లేదని. 'మనం పోదాం' అంటే లేచి తయారవమని. ఎవరు ఎవరితో చేతులు కలిపారో, ఎవరు ఎవరికి ద్రోహం చేస్తారో అని పగలూ రాత్రీ అనుమానంతో బతికే మెంజోబెరాంజన్‌లో, 'ఆ ఇంటి మీద దాడి చేయబోతున్నాం' అని ఒకామె అంటే, వినేవాళ్ళకు మొదట కావలసింది ఈ తేడానే. అందులో నేను ఉన్నానా, లేనా? ఉదోస్ దానికి జవాబివ్వదు.

తొందరపడి తీర్పు చెప్పొద్దు

ఐతే ఒక జాగ్రత్త. మాట లేకపోతే ఆ భావమే లేదని అనుకోకూడదు. సిన్‌స్రిగ్ ఒక్కటే ప్రేమకూ మోహానికీ అత్యాశకూ సరిపోతోందంటే, డ్రౌలకు ప్రేమ తెలియదని చాలామంది చెప్పేస్తారు. కానీ అదే కథలో డ్రిజ్ట్‌కూ తండ్రి జాక్‌నఫీన్‌కూ మధ్య ఉన్న ప్రేమ కథ మొత్తాన్ని నడిపిస్తుంది. మాట ఇరుకు, మనసు కాదు.

మన సంగతే చూడండి. వలపు, మోహం, మమకారం, అభిమానం, ఆపేక్ష అని ఎన్నో మాటలున్నాయి మనకు. వాటిలో ఒక్కటీ అమ్మతో ఫోనులో అనం. 'తిన్నావా?' అంటాం. ఆ మాటకు నిఘంటువులో ప్రేమ అని అర్థం రాసి ఉండదు. పట్టిక చూసి మనుషులను కొలిస్తే ఇలాంటివన్నీ జారిపోతాయి.

పట్టిక వేరు, భాష వేరు

పైన చెప్పిన మాటలన్నీ బట్టీ పట్టినా మనం డ్రౌ భాష మాట్లాడలేం. 'అక్క నన్ను పోనివ్వలేదు' అనాలంటే కర్త ఎక్కడ, కర్మ ఎక్కడ, వ్యతిరేకం ఎలా చెప్పాలి, 'ఇవ్వడం' అనే సహాయక్రియ పని ఎవరు చేస్తారు అన్నవి కావాలి. మాటల పట్టిక వీటికి జవాబివ్వదు. అందుకే అలాంటి పట్టికతో వాక్యం కూర్చబోతే చివరికి ఇంగ్లీషు వాక్యంలోకే డ్రౌ మాటలు వచ్చి పడతాయి.

దీనికి ఎదురుగా టోల్కీన్‌ను పెట్టి చూడాలి. ఆయన భాషాశాస్త్రం చెప్పిన ఆచార్యుడు. క్వెన్యాకు ఫిన్నిష్ నుంచి, సిందారిన్‌కు వెల్ష్ నుంచి ధ్వనులూ పద్ధతులూ స్ఫూర్తిగా తీసుకుని, ఒక్కో మాట కాలక్రమంలో ఎలా మారి వచ్చిందో కూడా కల్పించాడు. తన కథలు పుట్టింది ఆ భాషలకు ఒక లోకం ఇవ్వడానికేనని చెప్పుకున్నాడు. ఆయన కథల్లోనూ చీకటి ఎల్ఫులు ఉన్నారు, మోరిక్వెండి అని. వాళ్ళు దుర్మార్గులు కారు. పడమటి దేశపు చెట్ల వెలుగును చూడని ఎల్ఫులు, అంతే. అక్కడ చీకటి అన్న మాటకు చెడ్డ అని అర్థం లేదు, చూడనిది ఒకటి ఉందని అర్థం.

మనకు దగ్గరి ఉదాహరణ కిలికి. 2015లో వచ్చిన 'బాహుబలి'లో కాలకేయుల భాష. తెలుగు సినిమా కోసం దాన్ని తయారుచేసింది తమిళ కవి మదన్ కార్కి. సుమారు 750 మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు పెట్టుకుని చేశారు. నేను అనడానికి 'మిన్', నువ్వు అనడానికి 'నిమ్'. ఒకదాన్ని తిప్పితే ఇంకొకటి. ఇలా సూత్రం ఉంటే కొత్త మాట పుట్టించుకోవచ్చు. పట్టికకూ భాషకూ తేడా ఇదే.

మన పట్టిక

ఈ పాఠం రాస్తూ నాకు తట్టిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఎక్కడా లేని జాతి మాటలకు ఒకాయన కూచుని పట్టిక రాశాడు. మన ఇళ్ళలో, ఆంధ్రకు ఇంత దూరంలో, ఎన్నో తరాలుగా మాట్లాడుతున్న తెలుగును మాత్రం 'అది సరైన తెలుగు కాదులే' అని మనమే పక్కన పెడుతున్నాం. మా ఇంట్లో చిన్నపిల్లలు ఇప్పుడు నడిపక్క అనడం లేదు. పెద్దక్కా నడిపక్కా ఇద్దరూ వాళ్ళకు 'సిస్టర్'లే. ఇంగ్లీషు పట్టికలో లేని గీత మన నోట్లోంచి కూడా చెరిగిపోతోంది. గ్రీన్‌వుడ్ అక్క అనే మాట పెట్టలేదంటే తప్పు లేదు, ఆయన భాషలో అది లేదు. మన దగ్గర ఉండి పోగొట్టుకుంటే ఎవరినని ఏం లాభం?

అభ్యాసం

1. కూతురు అనే డ్రౌ మాటలోంచి ప్రత్యయం విడదీసి, బిడ్డ అనే మాట ఏమై ఉంటుందో ఊహించండి.
2. అన్నకూ తమ్ముడికీ డ్రౌలో వేరువేరు మాటలు మీరే తయారుచేయండి. ఏ సూత్రం పెట్టుకున్నారో రాయండి.
3. మనం/మేము తేడా వల్ల అర్థం పూర్తిగా మారిపోయే వాక్యాలు రెండు రాయండి.
4. మీ ఇంట్లో వాడేవి, క్లాసులో అనడానికి మొహమాటపడే చుట్టరికపు మాటలు ఐదు రాయండి.

నాలుగో ప్రశ్నకు జవాబు నోట్‌బుక్‌లో వద్దు. ఈ పాఠం కింద ఒక తెల్ల కాగితం అంటించి, దారంతో పెన్ను కట్టాం. మాట రాసి, పక్కన మీ ఊరి పేరు రాయండి. తప్పొప్పులు ఎవరూ దిద్దరు. మొదటి మాట నేనే రాశాను: నడిపక్క.